ఆరేళ్లు గింప్ వాడాక: చిన్నవైన ఫోటోల్లో మిగిలే స్పష్టత

ఫోటోల పరిమాణం తగ్గించే పనికి ఆరేళ్లుగా గింప్‌నే వాడుతున్నాను. ఉచితంగా దొరికే ఈ సాఫ్ట్‌వేర్‌లో 2018లో వచ్చిన 2.10 వెర్షన్ల వరుసే నాకు బాగా అలవాటు కాబట్టి ఇక్కడ రాసేదంతా దాని గురించే. ఫోటోను ఎంత చిన్నది చేసినా నాణ్యత ఏమాత్రం తగ్గదనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. 6000×4000 పిక్సెళ్ల ఫోటోను 1500×1000కి దించితే, పదహారు పిక్సెళ్లు ఉన్న చోట ఒక్కటే మిగులుతుంది. కొంత వివరం పోక తప్పదు. మనం కాపాడుకోగలిగేవి అంచుల పదును, రంగుల శుభ్రత. ఆ రెండూ నిలుస్తాయా లేదా అన్నది తగ్గించే క్షణం కన్నా దానికి ముందూ వెనకా మనం చేసే పనుల మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నాకు అనుభవంలో తెలిసింది.

‘స్కేల్ ఇమేజ్’ పెట్టెలో వెడల్పు, ఎత్తుల పక్కనున్న గొలుసు గుర్తు కలిసే ఉండాలి, లేకపోతే మనుషులు సాగిపోతారు. దాని కింద ఇంటర్‌పొలేషన్, అంటే కొత్త పిక్సెళ్ల రంగులను లెక్కగట్టే పద్ధతి, ఉంటుంది. ఆకాశం మీదుగా సాగే కరెంటు తీగలున్న ఒక ఫోటోను అందులోని పద్ధతులన్నిటితోనూ తగ్గించి చూశాను. ‘నన్’ ఎంచుకున్నప్పుడు తీగలు మెట్లు మెట్లుగా విరిగి, కొన్నిచోట్ల అసలు మాయమయ్యాయి. ‘క్యూబిక్’తో బాగానే వచ్చాయి. సగానికన్నా ఎక్కువ తగ్గించేటప్పుడు ‘నోహాలో’ ఇచ్చిన గీత నాకు అన్నిటికన్నా నచ్చింది, అప్పటినుంచి దానినే వాడుతున్నాను.

తగ్గించిన ఫోటో కాస్త మెత్తబడుతుంది కాబట్టి పదును పెట్టడం తగ్గించిన తర్వాతే చేయాలి. గింప్‌లో పదును పెట్టే ‘అన్‌షార్ప్ మాస్క్’ మొదట చూపే రేడియస్, అంటే అంచు చుట్టూ పదును ఎంత దూరం పాకాలో చెప్పే అంకె, 3. చిన్న ఫోటోకు అది చాలా ఎక్కువ. అదే తీగల ఫోటోలో ప్రతి తీగకూ ఇరువైపులా తెల్లటి అంచు పుట్టుకొచ్చింది. రేడియస్‌ను 0.5కి దించగానే ఆ అంచు పోయి, తీగ మాత్రం నల్లగా, సన్నగా నిలిచింది.

అసలు నష్టం ఎక్కువగా జరిగేది జేపెగ్‌గా భద్రపరిచేటప్పుడు. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. మార్చి భద్రపరిచిన ప్రతిసారీ ఇంకాస్త వదిలేస్తుంది. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో క్వాలిటీని నేను 90 దగ్గరే ఉంచుతాను. అయితే అక్కడే, అధునాతన ఎంపికల్లో, రంగు వివరాన్ని ఎంత తగ్గించి దాచాలో చెప్పే సబ్‌శాంప్లింగ్ అనే మరో అమరిక ఉంది. చాలామంది దాన్ని తెరిచి చూడరు. 4:2:0 ఎంచుకుంటే రంగు సమాచారం నాలుగో వంతుకు పడిపోతుంది. ముఖాలు, చెట్లు ఉన్న ఫోటోల్లో ఈ తేడా కనిపించదు గానీ, తెల్లటి బోర్డు మీద ఎర్రటి అక్షరాలున్న ఫోటోలో అక్షరాల అంచులు తడి సిరాలా పాకాయి. రంగు సమాచారాన్ని తగ్గించని 4:4:4తో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైలు కొంచెం పెరిగింది, అక్షరాలు మాత్రం తేటగా వచ్చాయి.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ఇప్పటికీ బాధపెడుతుంది. తగ్గించిన కాపీని మళ్లీ తగ్గించడం, దాన్ని జేపెగ్‌గా భద్రపరచి ఇంకోసారి తెరవడం అలవాటుగా ఉండేది. ఆకాశంలో గళ్లు కనబడేదాకా గమనించలేదు. అంతకన్నా పెద్ద తప్పు, ‘ఓవర్‌రైట్’ నొక్కి ఒక మూల ఫోటో స్థానంలోనే 1200 పిక్సెళ్ల వెడల్పు కాపీని రాసేయడం. ఆ ఫోటోను 12×8 అంగుళాల్లో, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రించాలంటే 3600×2400 కావాలి. అవి ఇక రావు. అప్పటినుంచి మూల ఫోటోలకు వేరే ఫోల్డర్ పెట్టుకున్నాను, ప్రతి పరిమాణాన్నీ మూలం నుంచే ఒక్కసారిగా తయారుచేస్తున్నాను.

వందల ఫోటోలు ఒకేసారి తగ్గించాలంటే గింప్‌లో ఒక్కొక్కటిగా తెరవడం విసుగు పుట్టిస్తుంది. అప్పుడు ఆదేశాలు టైపు చేసి నడిపే ఇమేజ్‌మ్యాజిక్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడతాను. అందులోని ‘మోగ్రిఫై’ ఆదేశం, వేరే ఫోల్డర్ చెప్పకపోతే, మూల ఫైళ్ల మీదే రాసేస్తుంది కాబట్టి దాన్ని ముందుగా కాపీల మీదే నడిపి చూడండి.