ఉప్పుగాలి ఊళ్లో ఏ పియానో మేలు?

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, బరంపురంలో మా హార్మోనియం నాలుగు రోజులు తడి గదిలో ఉండిపోయింది. మెట్లు ఉబ్బి, నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయాయి. రీడ్లకు చిలుం పట్టింది. అందుకే చెన్నైలో పియానో నేర్చుకుంటున్న మేనల్లుడు "మావయ్యా, స్టైన్‌వే మేలా, బోసెన్‌డార్ఫరా?" అంటే, "పెట్టేది ఎక్కడరా?" అన్నాను. కొనే తాహతు మా ఇద్దరికీ లేదనుకోండి.

నాదం సంగతి చూద్దాం. స్టైన్‌వే మోడల్ డి పొడవు 274 సెంటీమీటర్లు. దాని ఒంపు గోడను గట్టి మేపుల్ చెక్క పొరలు అతికించి వంచుతారు. ఆ గట్టిదనం వల్ల శబ్దం గోడలోకి ఇంకిపోదు. ఆర్కెస్ట్రా అంతా మోగుతున్నా చీల్చుకుని చివరి వరుసదాకా వెళ్తుంది. బోసెన్‌డార్ఫర్ ఇంపీరియల్ 290 సెంటీమీటర్లు. 88 మెట్లకు బదులు 97, ఆ అదనపు తొమ్మిదీ మంద్రంలోనే. తీగల నాదాన్ని పెంచే పలక, అంటే సౌండ్‌బోర్డుకు వాడే స్ప్రూస్ చెక్కే గోడకూ కాబట్టి ఒళ్లంతా పలుకుతుంది. కింది తీగల్ని ఎవరూ ముట్టకపోయినా, సితారు తరబు తీగల్లా పక్కవాటితో కలిసి పలుకుతాయి. ఒంటరి కచేరీకి నా ఓటు దీనికే. యమహా సీఎఫ్‌ఎక్స్ తేటగా, కింది నుంచి పైదాకా ఒకే సమంగా ఉంటుంది. నా చెవికి మాత్రం కాస్త చప్పన.

మన్నిక దగ్గరికొస్తే లెక్క తారుమారు. తీగల బిగువు మొత్తం సుమారు 20 టన్నులు. దాన్ని పోత ఇనుము మోస్తుంది. తేమకు లొంగేవి చెక్క, ఫెల్టు (ఒత్తిన ఉన్ని). వానల్లో సౌండ్‌బోర్డు ఉబ్బి శ్రుతి పెరుగుతుంది, పొడిగాలికి కుంచించుకుని పగులుతుంది. తీగల్ని బిగించే మేకులు పట్టే చెక్క వదులైతే ఎంత బిగించినా శ్రుతి నిలవదు. 1960లలో న్యూయార్క్ స్టైన్‌వే వాళ్లు కదిలే కీళ్లలో ఫెల్టు తీసి టెఫ్లాన్ పెట్టారు. తేమకు టెఫ్లాన్ ఉబ్బలేదు గానీ చుట్టూ ఉన్న చెక్క ఉబ్బింది, కుంచించుకుంది. కాలం మారితే టకటక చప్పుడు! చివరికి మళ్లీ ఫెల్టుకే వచ్చారు. జపాన్ కవాయి వాళ్లు ఆ కదిలే భాగాల్లో కొన్నింటిని ఏకంగా కార్బన్ కలిపిన ఏబీఎస్ ప్లాస్టిక్‌తోనే చేస్తున్నారు, కచేరీ పియానో షిగేరు కవాయి ఎస్‌కే-ఈఎక్స్‌లో కూడా. ప్లాస్టిక్కా అని మూతి విరిచేవాళ్లు ఉబ్బిన మెట్లను గోటితో పైకి లాగి ఉండరు.

యాభై ఏళ్ల లెక్కలో స్టైన్‌వేకి ఒక బలం ఉంది: తీగలు, సుత్తులు, మేకుల చెక్క మార్చి మళ్లీ నిలబెట్టే పనివాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. బరంపురానికి మాత్రం శ్రుతి చేసేవాడే కలకత్తా నుంచో చెన్నై నుంచో రైలెక్కాలి. అందుకని మా ఊరికైతే కవాయి, రాత్రీపగలూ ఏసీ నడిచే హాలుకైతే స్టైన్‌వే అన్నాను. కవాయికైనా సౌండ్‌బోర్డు చెక్కదే, గదిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. తుపాను వస్తే మా వీధిలో కరెంటు ఎన్నాళ్లు పోతుందో మేనల్లుడికీ తెలుసు.