మూడేళ్లు వాడాక: ఇంటి రౌటర్‌లో డీహెచ్‌సీపీ, అడ్రస్ రిజర్వేషన్

వాడింది బెంగళూరు మారతహళ్లిలో, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో. ఇంటర్నెట్ వాళ్లు పెట్టిన ఫైబర్ బాక్సు, దాని వెనక సొంత రౌటర్. ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ, ప్రింటర్, కెమెరాలు కలిపి 14. పండక్కి ఊరి నుంచి చుట్టాలొస్తే 20 దాటుతాయి. ఇన్నాళ్ల వాడకంలో తేలింది ఒకటే: పరికరాలకి ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కోదాన్నీ గుర్తుపట్టే నంబర్లు) పంచే పని పూర్తిగా రౌటర్‌కే వదిలేయాలి. ఆ పంచే పద్ధతే డీహెచ్‌సీపీ. మారకూడని అడ్రస్ ఉంటే దాన్నీ రౌటర్‌లోనే రిజర్వ్ చేయాలి, పరికరంలో చేత్తో కొట్టకూడదు.

పని తీరు సులువే. వైఫై కలవగానే ఫోన్ "అడ్రస్ ఇచ్చేదెవరు?" అని నెట్‌వర్కంతా కేకేస్తుంది. రౌటర్ ఒక నంబర్ చూపిస్తుంది, ఫోన్ అదే కావాలంటుంది, రౌటర్ ఖాయం చేస్తుంది. గేట్‌వే (బయటి నెట్‌కి దారి), డీఎన్ఎస్ (సైట్ పేరుని నంబర్‌గా మార్చే సర్వర్) అడ్రస్‌లు కూడా దాంతోనే వస్తాయి. ఆ నంబర్ అద్దెకిచ్చిందే. ఆ అద్దె గడువు, అంటే లీజు, 24 గంటలైతే మామూలుగా 12వ గంటకే ఫోన్ పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే 21వ గంట నుంచి ఏ సర్వర్ దొరికినా సరే అని మళ్లీ కేకేస్తుంది. అందుకే రోజూ వాడే ఫోన్‌కి నెలల తరబడి అదే నంబర్ ఉంటుంది.

ఎక్కువ తంటా తెచ్చేది ప్రింటర్. దాని స్క్రీన్‌లో 192.168.1.20 అని చేత్తో కొడితే ఆ సంగతి రౌటర్‌కి తెలియదు. పూల్ (రౌటర్ పంచే అడ్రస్‌ల చివరి నంబర్ల వరస) 2 నుంచి 254 వరకు ఉంటే ఏదో ఒక రోజు అదే 20ని కొత్త ఫోన్‌కి ఇచ్చేస్తుంది. ఇచ్చేముందు ఆ నంబర్ ఖాళీయేనా అని పింగ్ చేసి (పలకరించి జవాబొస్తుందా అని) చూసే రౌటర్లున్నాయి గానీ, ఆ క్షణంలో ప్రింటర్ ఆపేసి ఉంటే జవాబు రాదు. ఆనక రెండూ తడబడతాయి. పూల్‌ని 100 నుంచి 200కి కుదించి, ప్రింటర్‌ని ఆటోమేటిక్‌లో ఉంచి, దాని మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ పరికరాన్ని గుర్తుపట్టే నంబర్) రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టాక ఈ గొడవ మళ్లీ రాలేదు. కొన్ని రౌటర్లు పూల్ లోపలి నంబర్‌నే రిజర్వ్ చేయనిస్తాయి. సేవ్ నొక్కితే ఎర్రర్ వచ్చిందంటే ముందు అదే చూడండి.

ఫోన్లతో చిక్కు వేరు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపిస్తాయి. కాబట్టి వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకి వేరువేరు పేర్లు పెడితే ఒకే ఫోన్ రౌటర్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది. వైఫై పేరు మారిస్తే రిజర్వేషన్ పనిచేయదు. రిజర్వ్ చేసేటప్పుడు ఫోన్ అబౌట్ పేజీలోది కాకుండా రౌటర్ జాబితాలో కనిపించే మ్యాక్‌నే తీసుకోండి.

రెండు బాక్సులున్న ఇంట్లో వచ్చేది మరీ మొండి సమస్య. ఫైబర్ బాక్సు వైరుని సొంత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వైపుది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంటి పరికరాల వైపుది) పెడితే ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు అడ్రస్‌లు పంచేవాళ్లవుతారు. ఏది ముందు జవాబిస్తే పరికరం సాధారణంగా దాని మాటే వింటుంది. అందుకే ఒక లాప్‌టాప్‌లో నెట్ వస్తుంది, పక్కదాంట్లో రాదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్‌ఫిగ్ /ఆల్ (ipconfig /all) కొట్టి "డీహెచ్‌సీపీ సర్వర్" వరస చూస్తే ఇచ్చిందెవరో దొరికిపోతుంది. ల్యాన్ పోర్టే వాడాలంటే సొంత రౌటర్ అడ్రస్‌ని ముందు 192.168.1.2గా మార్చి, ఆ తర్వాత దాని డీహెచ్‌సీపీ ఆపాలి. వ్యాన్ పోర్టు వాడితే ఆపక్కర్లేదు, కానీ రెండు బాక్సులూ 192.168.1.1 కాకూడదు. సొంతదాన్ని 192.168.10.1 చేస్తే చాలు.

169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే డీహెచ్‌సీపీ నుంచి జవాబే రాలేదని అర్థం. ఇంట్లో అయితే రౌటర్ రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఈ చుట్టుపక్కల పీజీల్లో మాత్రం పూల్ నిండిపోవడం కూడా కారణమవుతుంది. 60 మంచాలు, మనిషికి ఫోనూ లాప్‌టాపూ అంటే 120 పరికరాలు. పూల్ 100 ఉండి లీజు 24 గంటలైతే, పొద్దున ఆఫీసుకెళ్లినవాళ్ల నంబర్లు కూడా సాయంత్రం దాకా ఇరుక్కునే ఉంటాయి. అక్కడ లీజుని రెండు గంటలకి తగ్గించి, పూల్‌ని 2 నుంచి 254కి పెంచాలి. ఇంటికి 24 గంటలే బాగుంది.

ఒక్క అసంతృప్తి ఉంది. రీసెట్ గుంటలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే రిజర్వేషన్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. బ్యాకప్ ఫైల్ దించుకునే బటన్ సిస్టమ్ టూల్స్‌లో ఎక్కడో అడుగున ఉంది. జాబితా పూర్తి చేసిన రోజే దించి పెట్టుకోండి.