స్వీడన్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్: పల్లెటూరి పేదింటి పిల్ల జాడ కూడా దొరుకుతుంది

ఐదుకి ఐదు స్టార్లు. మా కోడలు స్వీడన్ అమ్మాయి, వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మ స్మోలాండ్ వైపు ఏదో పల్లెలో 1871 లో పుట్టిందని తప్ప ఇంట్లో ఎవరికీ ఇంకేం తెలీదు, మాకు మనవరాలు పుట్టాక ఆవిడ ఎవరో కనుక్కోవాలనిపించి ఇక్కడ బెంగళూరులో కేఆర్ పురంలో ఇంట్లో కూర్చునే రిక్స్‌ఆర్కివెట్ (స్వీడన్ నేషనల్ ఆర్కైవ్స్‌కి అక్కడి పేరు) వాళ్ళ సైట్‌లో వెతికాను. 2018 నుంచి స్కాన్ చేసిన పాత పుస్తకాలన్నీ ఫ్రీగా చూడొచ్చు, పైసా కట్టక్కర్లేదు.

అక్కడ 1686 లో వచ్చిన చర్చి చట్టం వల్ల పాస్టర్లు ఇంటింటి మనుషుల్నీ రాసిపెట్టేవాళ్ళు, చదవడం వచ్చా, మతపాఠం ఎంత వచ్చు, తర్వాతి కాలంలో అయితే మశూచి టీకా పడిందా, ఏ ఊరికి వెళ్ళిపోయారు, అన్నీ. మన కరణం లెక్కల్లో భూమి ఉన్నోళ్ళ పేర్లే కదా ఎక్కువ కనిపించేది, వీళ్ళ దగ్గర పాలేరుకీ పనిమనిషి కూతురికీ కూడా ఒక లైను ఉంటుందండి!

బర్త్ బుక్‌లో నేను వెతుకుతున్న ఈ 1871 పిల్లకి తండ్రి పేరు చోట ఖాళీ. ఇళ్ళ పుస్తకంలో తల్లి పేరు కింద పిల్ల పేరు, దానిమీద అడ్డంగా గీత. గీత కొట్టారంటే చనిపోయారనో ఊరు మారారనో లెక్క, పక్క కాలమ్‌లో వెళ్ళిన ఊరు రాసుంది, అది పట్టుకుని పోతే ఆరేళ్ళ పిల్ల తల్లి లేకుండా వేరే రైతు ఇంట్లో పెంపుడు పిల్లగా తేలింది. ఆ రోజుల్లో దిక్కులేని పిల్లల్ని వేలం వేసేవాళ్ళట, ఎవరు తక్కువ డబ్బుకి పెంచుతామంటే వాళ్ళకి, 1918 లో చట్టం తెచ్చి ఆపారు. ఈ పిల్లని అలాగే ఇచ్చారని పుస్తకంలో లేదు, అయినా వీడియో కాల్‌లో ఆ పేజీ చూపిస్తే మా కోడలు ఏడ్చేసింది.

వెతికేవాళ్ళు ముందు సోకెన్ పేరు, అంటే చర్చి పరిధి, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి పెట్టుకోండి, పుస్తకాలన్నీ దాని కిందే ఉంటాయి. ఇంటిపేరు నమ్ముకోకండి, పల్లెల్లో ఎక్కువగా తండ్రి పేరుకి కొడుకైతే సన్, కూతురైతే దొత్తర్ తగిలించేవాళ్ళు, ఒకే పేరుతో పదిమంది ఉంటారు, పుట్టిన తేదీ కలిసిందా అని చూసుకోవాలి. చేతిరాత కళ్ళు పోయేలా ఉంటుంది, బాగా జూమ్ చేయండి. ఆర్కివ్‌డిజిటల్ అని ఇలాంటి పుస్తకాలదే ఇంకో సైట్ ఉంది, అందులో కలర్ ఫోటోలు స్పష్టంగా ఉంటాయి గానీ దానికి చందా కట్టాలి, ముందు ఫ్రీది చూశాకే అటు వెళ్ళండి.