మెట్రోనా, ఎంఎంటీఎస్సా, సిటీ బస్సా: హైదరాబాద్‌కు ఏది మేలు?

ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో నిలబడితే, ఎల్బీ నగర్ వైపు నుంచి వచ్చిన రైలు దిగి రాయదుర్గం రైలు కోసం ఎస్కలేటర్ల వైపు పరుగెత్తే జనంలో చాలామందికి మెడలో ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ సంచి కనిపిస్తాయి. అదే వేళకు కోఠిలో 127కే బస్సు ముందు తలుపు దగ్గర గుమిగూడిన ఆడవాళ్ల చేతుల్లో టిఫిన్ డబ్బాలు ఉంటాయి. వారిలో ఇళ్లలో పనిచేసేవారు, బట్టల దుకాణాల్లో నిలువుకాళ్ల కొలువు చేసేవారు ఎక్కువ. పాతబస్తీలోని యాకుత్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ (రైల్వే పట్టాల మీద నడిచే నగర లోకల్ రైలు) కోసం ఎదురుచూసేవారిది మరో లోకం. ముగ్గురూ ఒకే ఊరివారైనా ఒకరి దారిలోకి ఒకరు రావడం అరుదు. అందువల్ల ఈ మూడింటిని పోల్చేటప్పుడు వేగాన్నీ ఛార్జీనీ లెక్కగట్టి ఊరుకుంటే సరిపోదు. ఏది ఎక్కడ ఇళ్లు కట్టించింది, ఎవరికి అద్దె పెంచింది అన్న లెక్క కూడా తీయాలి.

వేగం సంగతైతే వాదనకు తావే లేదు. 2017 నవంబరులో మొదలైన మెట్రో ఇప్పుడు మూడు మార్గాల్లో, 57 స్టేషన్లతో దాదాపు 69 కిలోమీటర్లు నడుస్తోంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్ల దూరాన్ని అది గంటలోపే ముగిస్తుంది. రోడ్డు మీద అదే ప్రయాణానికి మామూలు రోజున గంటన్నర పడుతుంది, వానపడిన సాయంత్రమైతే ఎంత పడుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు. 2025లో సవరించిన ఛార్జీల ప్రకారం కనీసం 11 రూపాయలు, గరిష్ఠం 69 రూపాయలు. దీనికి ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఆఫీసుకు షేర్ ఆటో ఖర్చు కలిపితే, నెలకు పదిహేను వేలు సంపాదించే మనిషి రోజూ భరించగలిగే మొత్తం కాదు.

ఎంఎంటీఎస్ కథ వేరు. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే శాఖ ఖర్చును చెరిసగం పంచుకుని 2003 ఆగస్టులో దీన్ని ప్రారంభించాయి. పట్టాలు ముందే ఉన్నాయి కనుక తొలిదశ రెండు వందల కోట్లలోపే పూర్తయింది. కనీస ఛార్జీ 5 రూపాయలు; ఈ ధరకు నగరంలో కప్పు చాయ్ కూడా రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, మెట్రో మొదటి దశలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గరే ఆగిపోయి పాతబస్తీలోకి అడుగుపెట్టలేకపోగా, ఎంఎంటీఎస్ మాత్రం ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా స్టేషన్ల మీదుగా ఇరవై ఏళ్లకు పైగా తిరుగుతూనే ఉంది. ఇంత అగ్గువగా, ఇంత మందికి అందుబాటులో ఉన్న రైలు నగరానికి వెన్నెముక కావలసింది. కాలేదు. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు పరుగెత్తే పట్టాల మీదే ఇదీ నడవాలి. వెనుక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే లోకల్ రైలే పక్కకు తప్పుకోవాలి. పైగా బండికీ బండికీ మధ్య ఎడం ఎక్కువ. వచ్చే సమయం తెలియని రైలును నమ్మి ఉద్యోగం చేయడం కష్టం కాబట్టి, కొంచెం స్తోమత వచ్చిన ప్రతివాడూ మొదట చేసే పని బైకు కొనుక్కోవడం. 2023లో మేడ్చల్, ఉందానగర్ వైపు రెండోదశ రైళ్లు మొదలైనా ఈ మూలదోషం అలాగే ఉంది.

ఇక భూమి విషయానికి వస్తే మెట్రో అసలు స్వరూపం బయటపడుతుంది. ఈ ప్రాజెక్టు పుట్టుకలోనే స్థలాల వ్యాపారం కలిసి ఉంది. 2008లో సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని బృందం ప్రభుత్వం నుంచి నిధులు తీసుకోవడానికి బదులు తానే ప్రభుత్వానికి 30 వేల కోట్లకు పైగా చెల్లిస్తానని టెండరు గెలుచుకుంది. రైలు టికెట్ల మీద అంత డబ్బు ఎలా వస్తుందని అప్పట్లోనే అనుమానాలు లేచాయి. ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరన్ భూముల అప్పగింతను తప్పుపడుతూ కేంద్రానికి లేఖ రాశారు. సత్యం కుంభకోణంతో ఆ ఒప్పందం రద్దయి, 2010లో ఎల్ అండ్ టీకి పని దక్కింది. అప్పుడు కూడా వాణిజ్య నిర్మాణాల కోసం 269 ఎకరాలు ఒప్పందంలో భాగమే. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో స్టేషన్లను ఆనుకుని లేచిన మాల్స్ ఆ ఒప్పందపు ఫలాలే. స్టేషన్ పక్క స్థలానికి విలువ పెరగడం సహజం, ఆ విలువలో కొంత రైలుకే తిరిగి చేరడమూ న్యాయమే. కానీ ఆ మాల్స్ ఆశించినంత ఆదుకోలేదు. 2025లో ఎల్ అండ్ టీ తప్పుకుంటాననగా, తొలిదశను తీసుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది. నాగోల్, ఉప్పల్, మియాపూర్‌ల టులెట్ ప్రకటనల్లో మాత్రం ‘మెట్రోకు అయిదు నిమిషాల నడక’ అన్న మాట స్థిరపడిపోయింది. ఆ అయిదు నిమిషాలకు అద్దె చెల్లించలేని కుటుంబం రైలుకు మరో రెండు కిలోమీటర్లు దూరం జరుగుతుంది. అక్కడ దానికి మిగిలేది బస్సు.

బస్సు ఈ ఊరిలో అన్నిటికంటే పాతది. నిజాం రాష్ట్ర రైల్వే కింద 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. నేటికీ ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేటు మీద కనిపించే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు. మెట్రో తన స్తంభాల దగ్గరికి ఊరిని రప్పించుకుంటే, బస్సు ఊరు ఎటు పెరిగితే అటు వెళ్లింది. నగర శివార్లలో ముందు ప్లాట్లు, తర్వాత ఇళ్లు, ఆ తర్వాత కాలనీ సంఘం అర్జీ, చివరికి రోజుకు నాలుగు ట్రిప్పులు: ఇదీ వరస. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఈ బస్సే చాలామంది ఆడవాళ్ల పని పరిధిని విస్తరించింది. కండక్టరు మిషను నుంచి చింపి ఇచ్చే జీరో టికెట్ వల్ల, బస్సు ఛార్జీకి భయపడి ఇంటి చుట్టుపక్కలే పని వెతుక్కున్నవారు రెండు బస్సులు మారి మరీ వెళ్లగలుగుతున్నారు. బస్సులు కిక్కిరిసిపోయాయని మగవారి విసుగు. అది నిజమే, అయితే ఆ తప్పు ఎక్కినవారిది కాదు, బస్సులు పెంచనివారిది.

బస్సుకున్న ఏకైక పెద్ద లోపం, అది కార్ల మధ్యే ఇరుక్కుంటుంది. దానికి మందు ప్రత్యేక దారి. ఈ మాట ఎత్తగానే బస్సులకు విడిగా దారి వేసిన విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డును చూపి నవ్వేవారున్నారు. దారి వేసి సరిపడా బస్సులు నడపకపోతే ఏ ఊళ్లోనైనా అంతే. 2009 నుంచి నడుస్తున్న అహ్మదాబాద్ బస్సుల ప్రత్యేక దారి జన్‌మార్గ్‌ను కూడా చూసి మాట్లాడడం ధర్మం.

మెట్రో రెండోదశకు 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లని 2024లో అంచనా వేశారు. అంటే కిలోమీటరుకు మూడు వందల కోట్లకు పైమాట. ఎలక్ట్రిక్ బస్సుకు రెండు కోట్లు వేసుకున్నా, ఒక్క కిలోమీటరు డబ్బుతో నూట యాభై బస్సులు కొనవచ్చు. వాటిని నడపడానికి ఏటా నష్టం భరించాలి, నిజమే. మెట్రో నష్టాన్నీ చివరికి ప్రభుత్వమే నెత్తిన వేసుకుంటున్నప్పుడు బస్సు నష్టం ఒక్కటే దుబారా ఎలా అవుతుంది? ఎల్బీ నగర్, అమీర్‌పేట, రాయదుర్గం వంటి రద్దీ దారుల్లో మెట్రోకు సాటి లేదు, దాన్ని కాదనేది లేదు. కానీ తర్వాతి రూపాయి ఎక్కడ పెట్టాలంటే నా ఓటు ముందు బస్సుకు, ఆ తర్వాత ఎంఎంటీఎస్‌కు విడిగా పట్టాలు వేయడానికి, మూడోది మెట్రోకు. మెట్రో పొడిగింపుల్లో మాత్రం విమానాశ్రయం మార్గం కంటే ముందుగా ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు పూర్తిచేయాలి. యాకుత్‌పురా స్టేషన్‌లో నిలబడినవారికి బాకీ పడింది ఆ ముక్కే.