నాలుగేళ్లు తొడిగిన రా డెనిమ్ జీన్స్: మన ఎండకు, మన చెమటకు ఎలా నిలిచింది

ఈ జీన్స్ 2021 అక్టోబరులో కొన్నాను. ఫ్యాక్టరీలో ఉతకకుండా, రంగు దించకుండా అమ్మే ముడి బట్ట ఇది, దీన్నే రా డెనిమ్ అంటారు. నూటికి నూరు పాళ్లు కాటన్, స్ట్రెయిట్ ఫిట్, బరువు 14 ఔన్సులు. అంటే చదరపు గజం బట్ట దాదాపు 400 గ్రాములు తూగుతుంది. ఒక చిన్న దేశీ కంపెనీ దగ్గర 4,800 రూపాయలకు తీసుకున్నాను. మొదటి రెండేళ్లు వారానికి నాలుగైదు రోజులు, తర్వాత రెండు మూడు రోజులు తొడుగుతూ వచ్చాను.

పార్సిల్ విప్పిన రోజు రూమ్‌లో పెద్ద వాదనే జరిగింది. "మామా, ఇది ప్యాంటా టార్పాలినా? వదిలేస్తే దానంతటదే నిలబడేలా ఉంది" అన్నాడు శ్రీను. వాడు అప్పుడే సాగే స్కిన్నీ జీన్స్ రెండు కొన్నాడు. ఖాదర్ మాత్రం కాలు అంచు తిప్పి ఎర్రదారం చూసి, "ఉతక్కురా, ఆరు నెలలు నీళ్లు తగలనివ్వకు, అప్పుడే రంగు వెలిసిన గీతలు బాగా వస్తాయి" అన్నాడు. ఆ మాట వినడమే నేను చేసిన పెద్ద తప్పు. అది తర్వాత చెబుతాను.

మొదటి నెల కష్టంగానే గడిచింది. మోకాలు వంచితే వెనక బట్ట కోసుకుపోయేది. నడుము గుండీ పెట్టడానికి ఊపిరి బిగబట్టాలి. కొంచెం బిగుతుగా ఉన్నదే కొనడం మంచిదని అప్పుడు నమ్మకం కలగలేదు కానీ, మూడో నెలకల్లా నడుము దాదాపు అంగుళం సాగింది. వదులుగా కొని ఉంటే ఈపాటికి బెల్టుతో లాక్కుంటూ తిరగాల్సి వచ్చేది. నాది సాన్‌ఫరైజ్ చేసిన బట్ట, అంటే ముందే కుదించినది, కాబట్టి నీళ్లలో పెద్దగా కుంచించుకుపోలేదు. అలా కుదించని బట్టయితే నూటికి పది పాళ్ల దాకా తగ్గిపోవచ్చు, కొనేముందు ఈ సంగతి తప్పకుండా అడగండి.

సంక్రాంతికి మంగళగిరి వెళ్లినప్పుడు తాతయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆయన యాభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, "ఏరా, ఇది నాడెతో నేసిన గుడ్డే. పేక తెగకుండా ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగి వచ్చింది చూడు" అన్నారు. నాడె అంటే పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ మోసుకెళ్లే పనిముట్టు. ఇలా ఊడకుండా దానంతటదే కట్టుకున్న అంచునే సెల్వెడ్జ్ అంటారు. దాని గురించి నేను గంటలకొద్దీ వీడియోలు చూసి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పారు. చీరకు అంచు ఎలా కట్టుకుంటుందో దీనికీ అంతే. కొత్త రకం వేగపు మగ్గాల మీద పేక పోగును ప్రతిసారీ కొసలో కత్తిరిస్తారు, అందుకే ఆ బట్ట అంచు కుచ్చుగా ఉంటుంది, కుట్టు వేయకపోతే ఊడిపోతుంది. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అంచు సెల్వెడ్జ్ అయినంత మాత్రాన బట్ట గట్టిదని కాదు. గట్టిదనం నూలులో, నేతలో, కుట్టులో ఉంటుంది. ఆ అంచులో కనబడే ఎర్రదారం కోసమే అదనంగా రెండు వేలు పెట్టనక్కర్లేదు.

ఇక రంగు. నేను ఈ జీన్స్ కొన్నదే దానికోసం. డెనిమ్‌లో పడుగు, అంటే నిలువు పోగు, నీలం; పేక తెలుపు. నూలును నీలిమందు తొట్టెలో ముంచి తీస్తే ముందు పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగలగానే నీలమవుతుంది. అలా మళ్లీ మళ్లీ ముంచుతారు. అయినా రంగు పోగు నడిమధ్యకు పోదు, పైపైనే పట్టి ఉంటుంది. పైపొర అరిగినచోట లోపలి తెలుపు బయటపడుతుంది. అందుకే ఏ ఇద్దరి జీన్స్ రంగూ ఒకేలా వెలిసిపోదు. నా కుడి జేబు మీద ఫోను ఆకారం అచ్చు గుద్దినట్టు ఉంది. స్కూటర్ సీటు వల్ల వెనక భాగం ముందుకంటే తెల్లబడింది. మోకాళ్ల వెనక తేనెపట్టులాంటి గీతలు రెండో ఏడాదికి వచ్చాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు నిజంగా సంతోషం వేస్తుంది, దుకాణంలో గీకి అమ్మే జీన్స్‌లో ఇది దొరకదు.

ఆ రంగు ఊరికే పోదు, ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది. మొదటి ఆరు నెలలు తెల్ల స్నీకర్ల పైఅంచు నీలమైపోయింది, అక్క వాళ్లింట్లో లేతరంగు సోఫాకూ మరక పడింది. అక్కకు క్షమాపణ చెప్పి కవరు కొనిచ్చాను. అప్పటినుంచి కొత్త జీన్స్‌కు నల్లతోలు బూట్లే వేస్తున్నాను. కాలు రెండు మడతలు పైకి మడిస్తే బూట్ల మీద ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు ఉతకడం సంగతి. ఖాదర్ మాట విని ఐదు నెలలు నీళ్లలో వేయలేదు. చలిదేశాల్లో అది నడుస్తుందేమో, హైదరాబాద్ మే నెలలో నడవదు. చెమట, దుమ్ము కలిసి తొడల మధ్య కుట్ల దగ్గర పేరుకుపోయి, పద్నాలుగో నెలలో అక్కడే బట్ట చిరిగింది. పాతబస్తీలో రఫూ చేసే ఒక పెద్దాయన అదే రంగు దారంతో ఎంత శ్రద్ధగా అల్లారంటే, దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. ఇప్పుడు ఇరవై రోజులకోసారి తిరగేసి, చన్నీళ్లలో కొద్దిగా లిక్విడ్ వేసి ఉతుకుతున్నాను, నీడలో ఆరేస్తున్నాను. గీతలేమీ తగ్గలేదు. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఫ్యాన్ కింద వేయకపోతే ముక్కిపోయిన వాసన వస్తుంది.

కుట్టు విషయంలో కంపెనీ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: జేబు లోపలి గుడ్డ మరీ పల్చన. తాళాలకు ఏడాదిలోపే చిల్లు పడింది. టైలర్ దగ్గర మందపాటి గుడ్డ వేయించాను. రివెట్లు మాత్రం ఒక్కటీ ఊడలేదు. 1873లో జేకబ్ డేవిస్ అనే టైలర్, లీవై స్ట్రాస్ కలిసి ఈ రివెట్ల పద్ధతికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. పని చేసుకునేవాళ్ల జేబులు చిరగకుండా మూలలకు బిగించిన లోహం అది, ఈ రోజుకీ అదే పని చేస్తోంది.

శ్రీను స్కిన్నీలు రెండూ పోయాయి. సాగే పోగులు వేడినీళ్లకు పట్టు వదిలేసి మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడాయి. ఇప్పుడు వాడు, ఖాదర్ ఇద్దరూ వెడల్పాటి బ్యాగీల మీద పడ్డారు. "నీది పాత కటింగ్ మామా" అంటారు. స్ట్రెయిట్ ఫిట్ స్కిన్నీల కాలంలోనూ బాగానే ఉంది, ఇప్పుడు బ్యాగీల మధ్యా బాగానే ఉంది. ఎక్కువకాలం తొడగాలనుకునేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

మళ్లీ కొంటే 14 ఔన్సులు మాత్రం కొనను. ఏప్రిల్, మేలలో దీన్ని అలమరాలో పెట్టేయాల్సి వస్తోంది. 11 లేదా 12 ఔన్సులది, మందమైన జేబు గుడ్డతో, ఇదే కొలతలకు చూస్తున్నాను. ఈలోగా ఎడమ తొడ దగ్గర కుట్టు మళ్లీ పల్చబడుతోంది. చిరిగేదాకా ఆగకుండా ఈ ఆదివారమే రఫూ ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాను.