ఒక్క ప్లాటుకి స్పెషల్ పవర్ చాలన్నారు

తిరుపతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఒకాయన దగ్గరికి మా అన్న స్థలం పని మీద వెళ్లాను. అన్న కువైట్‌లో ఉంటాడు, రేణిగుంట రోడ్డులో ఉన్న ఒక్క ప్లాటు అమ్మాలి, అంతే. అంతకుముందు ఇంకో చోట అడిగితే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అన్ని పనులకీ మన తరఫున అధికారం ఇచ్చే కాగితం) రాసేద్దాం, అన్నీ అందులోనే వచ్చేస్తాయి అన్నారు, తీరా డ్రాఫ్టు చూస్తే ఊళ్లో పొలం, బ్యాంకు ఖాతా, కోర్టు వ్యవహారాలు కూడా నా చేతికే ఇచ్చేసినట్టు ఉంది, నాకే భయమేసింది. ఈయన ఆ కాగితం మొత్తం చదివి, "ఒక్క ప్లాటుకి ఇంత ఎందుకు సార్, స్పెషల్ పవర్ చాలు" అని, అంటే ఆ ఒక్క పనికే అధికారం ఇచ్చే కాగితం చాలని చెప్పి, సర్వే నంబరు, నాలుగు హద్దులు, కనీస ధర, డబ్బు అన్న ఖాతాలోనే పడాలన్న షరతు పెన్సిల్‌తో పక్కనే రాసి చూపించారు. అన్న అక్కడి మన ఎంబసీలో సంతకం అటెస్ట్ చేయించుకోవాలని, కాగితం ఇండియాకి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలని కూడా ముందే చెప్పారు. జీపీఏ పట్టుకుని స్థలం కొంటే యాజమాన్య హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి కూడా నాకు ఈయన చెబితేనే తెలిసింది. చాలా మంచి మనిషి. కుర్చీలు మాత్రం రెండే, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి.