గిటార్ పికప్ కొనేముందు కింది ప్లేటు చూడండి: తిరుపతిలో నేను మోసపోయిన తీరు

తిరుపతి, చిత్తూరు వైపు గిటార్ వాయించే అన్నదమ్ములందరికీ ఒక మాట. పోయిన నెల ఇక్కడే ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ హంబకర్ పికప్ 6,500 రూపాయలకు కొన్నాను. పికప్ అంటే గిటార్ తీగల కింద ఉండి, వాటి కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. హంబకర్ అంటే రెండు కాయిళ్లు (సన్న వైరు చుట్లు) ఉన్న రకం. 'పాతకాలం గిబ్సన్ గిటార్ కంపెనీ పద్ధతిలో చేసింది, కింద నికెల్ సిల్వర్ ప్లేటు, అందులో వెండి కూడా కలుస్తుంది' అన్నాడు. నమ్మేశాను.

వెండి మాట అక్కడే అబద్ధం. నికెల్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. జర్మన్ సిల్వర్ అని మన పూజ సామాన్ల అంగళ్లలో వినే పేరు కూడా దానిదే.

ఇంటికొచ్చి బిగించాను. మల్టీమీటర్ 7.8 కిలో ఓమ్‌లు చూపింది, అంటే కాయిల్ బాగానే ఉంది. కానీ ఆంప్‌లో (ఆంప్లిఫయర్‌లో) శబ్దం మాత్రం జలుబు చేసిన గొంతులా ఉంది. సన్న తీగల మెరుపే లేదు. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది పాట్‌లు (పొటెన్షియోమీటర్లు) మార్చాను, కెపాసిటర్ మార్చాను, కొత్త తీగలు వేశాను. వారం రోజులు ఒకటే టెన్షన్.

ఆఖరికి పికప్ విప్పి తిరగేశాను. ఎత్తు సరిచేసే స్క్రూ దూరే రంధ్రంలో, మరలు అరిగిన చోట, పసుపు రంగు తొంగిచూస్తోంది. మా వీధిలో ఇత్తడి బిందెలకు, దీపపు సెమ్మెలకు మెరుగు పెట్టే పెద్దాయనకు చూపించాను. ఆయన ప్లేటు మూలను ఆకురాయితో ఒక్కసారి రుద్ది, 'ఇత్తడే నాయనా, పైన నికెల్ పూత పూసినారు' అన్నాడు. పైమూత కూడా అంతే.

తీగ కదిలినప్పుడు పికప్ చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. దానివల్ల ప్లేటులోనూ, మూతలోనూ చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. వాటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. ఇవి ముందుగా తినేసేది ట్రెబుల్‌నే, అంటే సన్నటి, పై స్థాయి శబ్దాలనే. నికెల్ సిల్వర్‌తో పోలిస్తే ఇత్తడిలో కరెంటు కనీసం మూడు రెట్లు సులువుగా పారుతుంది, కాబట్టి నష్టమూ ఎక్కువే. ప్లేటు ఒక్కటే ఇత్తడిదైతే తేడా కొద్దిగానే ఉంటుంది, మూతా ఇత్తడిదైతే చెవికి తెలిసిపోతుంది. ఓమ్‌ల లెక్కలో మాత్రం ఇదేమీ కనబడదు.

మెత్తటి టోన్ కావాలని ఇత్తడి ప్లేటునే కోరి తీసుకునేవాళ్లు ఉన్నారు, అది వాళ్ల ఇష్టం. టెలీకాస్టర్ అనే గిటార్ మోడల్‌లో బ్రిడ్జ్ (తీగలు ఆనే చివర) దగ్గరుండే పికప్ కింద రాగి పూత వేసిన ఉక్కు ప్లేటు ఉండటం కూడా ఆ డిజైన్‌లో భాగమే. నా బాధంతా ఒక లోహం పేరు చెప్పి ఇంకో లోహం అంటగట్టడం గురించే.

ఫోన్ చేస్తే 'మీరు విప్పేశారు, వెనక్కి తీసుకోను' అన్నాడు. అందుకే డబ్బు పంపకముందే ప్లేటు వెనకవైపు, స్క్రూ రంధ్రాల దగ్గర దగ్గరగా తీసిన ఫోటో అడగండి. చేతికిస్తే అమ్మేవాడి ముందే, కనబడని మూలలో సూదితో చిన్న గీత గీయనివ్వమనండి. గీత లోపల కూడా తెల్లగా ఉంటే నికెల్ సిల్వర్ అయ్యే అవకాశం ఎక్కువ, పసుపు తేలితే పూత వేసిన ఇత్తడి. గీయనివ్వనంటే ఆ పికప్ తీసుకోకండి.